బుధవారం వచ్చే డిఫెండర్

ఆ ఐర్లండ్ మనిషి మొదట నన్ను గూఢచారి అనుకున్నాడు.

మేముండే ఊరు కైసర్స్‌లౌటర్న్‌కు బస్సులో ఇరవై నిమిషాలు. ఊరి చివర, రైలు కట్టకు అవతల, ఒక ఫుట్‌బాల్ మైదానం ఉంది. జిల్లా లీగులో అట్టడుగున ఆడే చిన్న క్లబ్బుది. ముప్పై ఏళ్ళకు పైగా ఆ వీధిలోనే ఉన్నా, మా ఆవిడ పోయేదాకా నేను ఆ గేటు దాటి లోపలికి వెళ్ళలేదు. ఆమె పోయాక ఆదివారం మధ్యాహ్నాలు మరీ పొడుగైపోయాయి. మిగతా రోజుల్లో దుకాణాలుంటాయి, లైబ్రరీ ఉంటుంది, డాక్టరు దగ్గర టెర్మిన్లు, అంటే అపాయింట్‌మెంట్లు, ఉంటాయి. ఆదివారం ఈ దేశంలో అన్నీ మూసేస్తారు. ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు వినపడుతుంది. ఒక ఆదివారం ఆ చప్పుడు భరించలేక కోటు వేసుకుని మైదానం దాకా నడిచాను. కంచె దగ్గర పదిహేనుమంది నిలబడి ఉన్నారు. పదహారోవాణ్ని నేనయ్యాను.

ఫుట్‌బాల్ నాకు తెలియదు. తెనాలిలో చదువుకునే రోజుల్లో వాలీబాల్ చూసేవాణ్ని, అంతే. కానీ ఊరికే నిలబడటం నాకు చేతకాదు. మెషిన్ల ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్ళూ నా పని కొలవడం. తయారైన భాగం నా బల్ల మీదికి వచ్చేది. అది కొలతకు ఎంత తేడాలో ఉంది, ఆ తేడా ఎక్కడ మొదలైంది అని చూసి రాయాలి. బాగున్నవాటి గురించి రాసే పని లేదు, వాటిని పంపేస్తారు. ఆ అలవాటు ప్రకారం మైదానంలో కూడా చెడ్డదే రాయడం మొదలుపెట్టాను. మా ఊరివాళ్ళు గోల్ తిన్నప్పుడల్లా, ఆ క్షణంలో మా వెనక వరసలోని నలుగురు ఎక్కడ నిలబడ్డారో జేబు పుస్తకంలో నాలుగు ఇంటూ గుర్తులు పెట్టేవాణ్ని. గోల్స్ బాగా తినేవాళ్ళు కాబట్టి పనికి కొదవ లేదు.

నాలుగో ఆదివారం, సగం ఆట అయ్యాక, ఆ టీముని నడిపే మనిషి తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. పొడుగ్గా, కొంచెం కుంటుతూ, ముక్కు ఒక పక్కకు వంగి ఉన్నాడు.

"ఎవరికి రాస్తున్నావ్?"

"నాకే."

"పక్క ఊరివాళ్ళు పంపారా?"

"నన్ను ఎవరూ ఎక్కడికీ పంపరు. రిటైరయ్యాను."

"ఫుట్‌బాల్ తెలుసా?"

"తెలియదు."

"అయితే ఇటివ్వు. తెలిసినవాళ్ళు చెప్పేది వినీ వినీ చెవులు పోయాయి."

పేజీలు తిప్పాడు. అంతకు ముందు ఆదివారంవీ, ఆ రోజువీ కలిపి ఏడు గోల్స్. అయిదింటిలో ఎడమ చివరి ఇంటూ మిగతా మూడింటికన్నా ఒక అడుగు వెనక ఉంది. పుస్తకం నా చేతిలో పెట్టి, వెళ్ళి, ఎడమ చివర ఆడే అతన్ని మార్చేశాడు. ఆ రోజు గెలవలేదు గానీ మరో గోల్ తినలేదు.

అట్లా మొదలైంది మా పరిచయం. ఇద్దరం జర్మన్‌లోనే మాట్లాడుకునేవాళ్ళం. ఇంగ్లీషు ఇద్దరికీ వచ్చు గానీ, అతని ఇంగ్లీషు నాకూ, నా ఇంగ్లీషు అతనికీ ఎక్కేది కాదు. జర్మన్‌లో ఇద్దరం సమానంగా తప్పులు చేస్తాం కాబట్టి సుఖంగా ఉండేది. అతను మొదటి మాట నుంచీ నన్ను నువ్వు అన్నాడు. మైదానంలో అందరూ అంతేనట. నాకన్నా పదేళ్ళు చిన్న. అయినా నేను మూడేళ్ళూ మీరు అనే అన్నాను. మార్చుకొమ్మని చెప్పీ చెప్పీ వదిలేశాడు.

ప్రాక్టీసు మంగళవారం, గురువారం ఉండేది. మధ్యలో బుధవారం అతనికి ఏమీ తోచేది కాదు. నాకు ఏ రోజూ తోచేది కాదు. బుధవారం నాలుగింటికి రావడం అలవాటు చేసుకున్నాడు. నేను ఉప్మా చేసేవాణ్ని. మొదటిసారి తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, "మా అమ్మ చేసే జావ లాగే ఉంది. కాకపోతే ఇది తిరగబడి కొడుతోంది," అన్నాడు. పచ్చిమిరపకాయలు తగ్గించాను. మూడోవారం, "ఏంటి, దీనికి జబ్బు చేసిందా?" అన్నాడు. మళ్ళీ పెంచాను.

ఆ బుధవారాల్లోనే అతని కథంతా విన్నాను. వరసగా చెప్పేవాడు కాదు. ముసలితనంలోంచి మొదలుపెట్టి, ఒక్కసారి పదిహేడో ఏటికి దూకి, అక్కణ్ణుంచి మోకాలి ఆపరేషన్‌కు వచ్చేవాడు. నేను డైరీని ఏ రోజుది ఆ రోజు రాయను. మర్నాడు పొద్దున కాఫీ తాగాక రాస్తాను. అప్పటికి కోపమూ జాలీ కిందికి దిగి విషయం పైకి తేలుతుంది. గురువారం పొద్దున అతను చెప్పినవాటిని డైరీ వెనక పేజీల్లో ఏళ్ళవారీగా సర్దుకునేవాణ్ని.

పుట్టింది కార్క్‌లో. తండ్రి రేవులో క్రేన్ నడిపేవాడు. కొడుకు ఆట ఒకేసారి చూశాడు. చూసి, "పడిపోలేదు, బాగానే ఉంది," అన్నాడట. పదిహేడో ఏట ఓడలో ఇంగ్లండ్ వెళ్ళి ఒక క్లబ్బులో చేరాడు. రెండేళ్ళకు, ఇక అవసరం లేదని నాలుగు వాక్యాల ఉత్తరం ఇచ్చి పంపేశారు. తిరిగొచ్చి, పొద్దున రొట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తూ సాయంత్రం స్థానిక లీగులో ఆడాడు. ఇరవై అయిదో ఏట జర్మనీ నుంచి ఒక రెండో డివిజన్ క్లబ్బు మనిషి అక్కడికి వచ్చాడు. వచ్చింది ఇతని కోసం కాదు, ఎదుటి టీములో గోల్స్ బాగా కొట్టే ఒకతన్ని చూడటానికి. ఆ సాయంత్రమంతా ఇతను అతన్ని అంటిపెట్టుకునే ఉన్నాడు. అతనికి బంతి అందనే లేదు. వచ్చినాయన మనసు మార్చుకుని డిఫెండర్‌ను తీసుకెళ్ళాడు.

"ఆ గోల్స్ కొట్టేవాడు ఏమయ్యాడు?" అని అడిగాను.

"బస్సు నడిపేవాడు. మా అక్క ఆ బస్సే ఎక్కేది. ప్రతిసారీ 'మీ తమ్ముడెలా ఉన్నాడు' అని అడిగి, బ్రేకు గట్టిగా తొక్కేవాడట."

ఎనిమిది సీజన్లు జర్మనీలో ఆడాడు. కొట్టింది ఒకే ఒక గోల్. అది కూడా మోకాలి కింది ఎముకకు తగిలి లోపలికి పోయింది. అది గోలని తెలియక వెనక్కి తిరిగి తన చోటుకి పరిగెడుతుంటే, తోటివాళ్ళు వెంటపడి పట్టుకుని కౌగిలించుకోవాల్సి వచ్చింది. తాను ఆపిన ఆటగాళ్ళ పేర్లు సగం మర్చిపోయాడు. ఎవడు ఏ భుజం వంచి ఏ పక్కకు తిరుగుతాడో మాత్రం లేచి నిలబడి వంటగదిలో చేసి చూపించేవాడు. మా ఆవిడ సర్దుకున్న గరిటెల స్టాండు ఒకసారి అట్లాగే కిందపడింది.

మోకాలు పోయాక ట్రైనర్ అయ్యాడు. వాళ్ళ దేశంలో మేనేజర్ అంటారట. "డిఫెండర్ బాగా ఆడితే వాడి పేరు ఎవరికీ గుర్తుండదు. మేనేజర్ బాగా చేస్తే ఆటగాళ్ళ పేర్లు గుర్తుంటాయి. రెంటిలోనూ మన ఫొటో పేపర్లో పడేది ఓడినప్పుడే," అనేవాడు. నాలుగు క్లబ్బులు నడిపాడు. మూడుచోట్ల తీసేశారు. ఒకచోట అధ్యక్షుడు కారు ఇంజన్ ఆపకుండానే అద్దం దించి చెప్పాడు. ఒకచోట బేకరీలో వరసలో నిలబడి ముందున్నవాడి పేపర్లో చదువుకున్నాడు. మూడోచోట ప్రాక్టీసు మొత్తం చేయించుకుని, బంతులన్నీ లెక్కపెట్టించుకుని, అప్పుడు చెప్పారు. భార్య మధ్యలో విడిపోయి స్టుట్‌గార్ట్ వెళ్ళిపోయింది. పిల్లలు లేరు. నాలుగో క్లబ్బు దివాళా తీసింది. చివరికి అరవై దాటాక మా ఊరికి చేరాడు.

తనను తీసేసిన మూడు సంఘటనలనూ నవ్వుతూనే చెప్పాడు. ఒక్క మాట మాత్రం నవ్వకుండా అన్నాడు: "ప్రతిసారీ ఒక సంచీతో బయటికి వచ్చాను. ఒక్కళ్ళు కూడా ఎక్కడికి వెళ్తున్నావని అడగలేదు." అది కూడా గురువారం పొద్దున రాసుకున్నాను.

ఆ సంవత్సరాల్లోనే మా ప్రాంతానికి మనవాళ్ళ రాక పెరిగింది. నేను వచ్చిన కొత్తలో తెలుగు మాట వినాలంటే హైడెల్‌బర్గ్‌లో ఉన్న డాక్టరు గారింటికి పోవాల్సి వచ్చేది. ఇప్పుడు యూనివర్సిటీ బస్సులో వెనక సీట్లన్నీ తెలుగే. మా పై వాటాలోకి కరీంనగర్ నుంచి ఒక జంట దిగింది. ఆ అమ్మాయికి ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బ్లూ కార్డు వీసా. వారానికి రెండు రోజులు రైల్లో వెళ్తుంది, మిగతా రోజులు ఇంటి నుంచే పని. భర్త ఇక్కడి పరిశోధనా సంస్థలో చేస్తాడు. నన్ను అంకుల్ అంటుంది. నా జర్మన్ ఉత్తరాలు నేను చదవగలను, ఆమె ఉత్తరాలు కూడా నేనే చదివిపెడతాను. బదులుగా నాకు తొక్కులు వస్తాయి. ఐర్లండ్ మనిషిని మెట్ల మీద చూసి, "అంకుల్, మీ ఫ్రెండ్‌కు తల తలుపుకు తాకుతది, జర చెప్పుండ్రి," అనేది.

మనవాళ్ళు ఇంతమంది వస్తున్నారు గానీ మా ఊరి క్లబ్బుకు మాత్రం మనుషులు దొరకడం లేదు. ఆదివారం పదకొండుమందిని పోగుచెయ్యడం గగనమైంది. మూడో సీజన్ చివర పక్క ఊరి క్లబ్బుతో కలిపేస్తామన్నారు. రెండు క్లబ్బులు ఒకటైతే ట్రైనర్ కూడా ఒకడే కావాలి. పక్క ఊరివాడు నలభై ఏళ్ళవాడు, వేగంగా నడుస్తాడు.

బుధవారం వచ్చి, ఉప్మా సగం తిన్నాక ఆ మాట చెప్పాడు.

"నేనింక అక్కర్లేదట. మర్యాదగానే చెప్పారు. ఈసారి కాఫీ కూడా ఇచ్చారు."

"ఏం చేస్తారు?"

"పాతకాలం స్నేహితుడొకడు ఉత్తరాన, డెన్మార్క్ సరిహద్దు దగ్గర ఒక క్లబ్బులో ఉన్నాడు. ట్రైనర్ లేడట, రమ్మంటున్నాడు. సోమవారంలోగా చెప్పమన్నాడు." ప్లేటులో మిరపకాయను పక్కకు నెట్టాడు. "ఇక్కడే ఉండిపోవచ్చు కూడా. అద్దె తక్కువే. టీము లేకుండా ఎట్లా ఉండాలో తెలియదు గానీ, నేర్చుకోవచ్చేమో. నువ్వేమంటావ్?"

ఉండమనాలని ఉంది. కానీ అతని పని అతనికి దొరుకుతుంటే, నా బుధవారాల కోసం ఆగమనడం ఏం న్యాయం? మనం పెరిగిన పద్ధతిలో ఎదుటివాడి ఎదుగుదలకు అడ్డం పడకూడదు. అందులోనూ పెద్దవాణ్ని.

"మంచి అవకాశమైతే ఆలోచించండి," అన్నాను.

అతను నా వంక చూసి, "ఊఁ," అన్నాడు. తర్వాత వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

మర్నాటి డైరీలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "ఉండమని చెప్పాల్సింది. వచ్చే బుధవారం చెప్పాలి." అతనికి సోమవారం గడువు ఉందని అదే పేజీలో పైన రాసి ఉంది. రెండూ నేను రాసినవే. ఒకదాన్ని ఇంకోదానితో కలిపి చూడలేదు. మాకు బుధవారమే మాట్లాడుకునే రోజు, అందుకని బుధవారం అనే రాశాను.

సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు గంట మోగింది. అతనే. ఇస్త్రీ చొక్కా, తుడిచిన బూట్లు, భుజాన సంచీ.

నాకు శకునాల మీద నమ్మకం లేదు. కొలతల మనిషిని. కానీ కొన్ని విషయాలు నమ్మకంతో పని లేకుండానే ఒంట్లో ఉండిపోతాయి. బయల్దేరిన మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. అడిగితే వెళ్ళే పని చెడుతుంది. మా ఇంట్లో మా నాన్నను ఎవరూ అడిగేవారు కాదు. నేను జర్మనీకి విమానం ఎక్కడానికి బయల్దేరిన రోజు కూడా, ఎక్కడికో ఊరంతటికీ తెలిసినా, ఆ మాట ఎవరి నోటా రాలేదు.

ఆ పొద్దున అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. అతని పని చెడిపోవాలని నాకు నిజంగానే ఉంది. అతను ఆ ఊరు చూసి రావడానికి వెళ్తున్నాడని, అక్కడ నచ్చక తిరిగొస్తే బాగుండునని, సంచీ చూసిన క్షణంలోనే మనసులో అనుకున్నాను. అట్లా అనుకున్నవాడు నోరు తెరిచి ఎక్కడికి అంటే, అది తెలిసి తెలిసి చేసిన కీడు అవుతుంది. అందుకే మామూలుగా కన్నా గట్టిగా నోరు కట్టేసుకున్నాను.

"బయల్దేరారా? కూర్చుని కాసిని మంచినీళ్ళు తాగి వెళ్ళండి," అన్నాను.

కూర్చున్నాడు. సంచీ కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. గ్లాసు నీళ్ళు తాగాడు. ఖాళీ గ్లాసు చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.

"ఇవాళ సోమవారం," అన్నాడు.

"అవును."

"నువ్వేమీ అడగవా?"

నేను నవ్వాను. ఎంత ఆశీర్వాదంగా నవ్వగలనో అంతగా నవ్వాను. "అడిగేదేముంది. అంతా మంచే జరుగుతుంది. వెళ్ళి రండి."

గ్లాసు బల్ల మీద పెట్టాడు. లేచి, నా చెయ్యి పట్టుకుని, ఒకసారి గట్టిగా ఊపి వదిలేశాడు. కుంటుకుంటూ బస్టాపు దాకా నడవడం కిటికీలోంచి చూశాను. వెనక్కి తిరుగుతాడేమోనని కర్టెన్ వెనక నిలబడ్డాను. తిరగలేదు. బస్సు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది.

ఆ బుధవారం ఉప్మాకు రవ్వ వేయించి పెట్టుకున్నాను. నాలుగైంది, నాలుగున్నరైంది. ఊరు చూసి రావడానికి రెండు రోజులు చాలవేమో అనుకున్నాను. ఒక్కడికే కలిపి తిన్నాను. తర్వాత బుధవారం ఇద్దరికి సరిపడా చేశాను, ఎందుకంటే మొదటి బుధవారం తక్కువ చేయడమే అపశకునమైందేమో అనిపించింది. శకునాలు నమ్మనివాడి సంగతి ఇది. మూడో బుధవారం పొయ్యి వెలిగించలేదు.

ఆ సాయంత్రమే పై వాటా అమ్మాయి ఏదో ఉత్తరం పట్టుకుని వచ్చింది. ఇంటివాళ్ళు నీటి మీటర్ల గురించి పంపింది.

"ఏంది అంకుల్, మీ పొడుగాయన ఈ నడుమ కనవడ్తలేడు?"

"వెళ్ళాడమ్మా."

"ఏడికి?"

"తెలియదు."

"తెల్వదా? మీకు చెప్పకుంటనే పోయిండా?"

"చెప్పడానికే వచ్చాడేమో. సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. బయల్దేరిన మనిషిని ఎక్కడికని ఎట్లా అడుగుతాం?"

ఆమె ఉత్తరం బల్ల మీద పెట్టింది. "అది నిజమే. మా అమ్మ గూడ అడగనియ్యదు. 'దూరమా?' అంటది, గంతే. కానీ అంకుల్, మన సంగతి మనకెర్క. ఆయనకేం ఎర్క? ఆయన ఏమనుకుంటడు? ముసలాయనకు నేను ఉన్నా పోయినా ఒకటే అనుకోడా?"

నేను ఆ ఉత్తరం చేతిలోకి తీసుకున్నాను.

"ఫోన్ ఉంది కదా?"

"ఉంది."

"మరి చెయ్యుండ్రి. నేను పోయినంక చేస్తనంటరు, చెయ్యరు. నా ముంగటనే చెయ్యుండ్రి."

చెయ్యలేదు. ఆమె వెళ్ళాక, పాత డైరీ తీసి వెనక పేజీలు చూశాను. డైరీలు రాయడమే గానీ తిరగేసే అలవాటు నాకు లేదు. మూడు క్లబ్బులు, మూడు సంచీలు, ఒక్కళ్ళు కూడా అడగలేదు. నా చేతిరాతే. అక్షరాలు చక్కగా, గీత తప్పకుండా ఉన్నాయి. నాలుగో మనిషిని నేను.

మర్నాడు పదింటికి ఫోన్ చేశాను. రెండో మోతకే ఎత్తాడు. వెనకనుంచి గాలి హోరు వినపడుతోంది.

"ఎవరు? ఓ, గూఢచారి!"

"చేరారా?" అన్నాను. పదిహేడు రోజుల తర్వాత అడిగిన మాట ఇది.

"చేరాను. ఇక్కడ గడ్డి పక్కకు పడుకుని ఉంటుంది, అంత గాలి. గోల్‌కీపర్ కొట్టిన బంతి వాడి దగ్గరికే తిరిగొస్తుంది."

కాసేపు గాలి గురించి విన్నాను. తర్వాత, ఆ రోజు ఎందుకు అడగలేదో మొత్తం చెప్పాను. మా ఇంటి పద్ధతి, మా నాన్న, విమానం. అతని పని చెడాలని నేను కోరుకున్న సంగతి కూడా చెప్పాను. అది చెప్పేటప్పుడు జర్మన్ మాటలు దొరకక రెండుసార్లు ఆగాను. అవతల గాలి తప్ప ఏమీ వినపడలేదు.

"ఉన్నారా?"

"ఉన్నాను. ఆ రోజు ఉదయానికి నేను ఇంకా వీళ్ళకు ఔనని చెప్పలేదు. సంచీ సర్దాను గానీ టికెట్ కొనలేదు. ముందు నీ దగ్గరికి వెళ్దాం అనుకున్నాను. నువ్వు ఎక్కడికి అంటావు, నేను చెప్తాను, నువ్వు నీ పుస్తకం తీస్తావు, వెళ్తే ఏంటి, ఉంటే ఏంటి అని రెండు వరసలు రాస్తావు. అప్పుడు సంచీ విప్పేస్తాను అనుకున్నాను. నువ్వు నీళ్ళిచ్చి సాగనంపావు."

"మీ మంచికోసమే."

"తెలిసింది ఇప్పుడు." నవ్వాడు. పూర్తి నవ్వు కాదు. "ఇద్దరు డిఫెండర్లు ఉంటారు చూడు. బంతి మధ్యలో పడుతుంది. వాడిదని వీడు, వీడిదని వాడు మర్యాదగా వదిలేస్తారు. ఎన్ని గోల్స్ అట్లా తిన్నానో!"

ఎవరో పిలిచారు. వెళ్ళాలన్నాడు. పెట్టేశాడు.

సాయంత్రం మెట్ల మీద ఆ అమ్మాయి ఆపింది. "చేసిన్రా?"

"చేశాను. అంతా చెప్పాను."

"మరి రమ్మన్నరా?"

"అది... రమ్మని అనలేదు."

"అయ్యో అంకుల్! అన్ని చెప్పి, అసలుదే చెప్పకుంట పెట్టేసిన్రా?" తల కొట్టుకుంది. "మీరు ఫోన్ల చెప్పేటోళ్ళు కాదు గానీ, టికెట్ నేను తీస్త, మీరే పోండ్రి."

అక్టోబరులో వెళ్ళాను. మాన్‌హైమ్‌లో మారి, హాంబర్గ్‌లో మారి, తొమ్మిది గంటల ప్రయాణం. రిటైరయ్యాక అంత దూరం ఒంటరిగా పోవడం అదే మొదటిసారి. సంచీలో ఒక డబ్బా పులిహోర, రెండు జతల బట్టలు. హాంబర్గ్ దాటాక నేల చదునైపోయింది. ఎదురు సీటులో చదువుకునే అమ్మాయొకతె కూర్చుంది. నేను ఎక్కడికి వెళ్తున్నానో అడిగితే చెప్పాలని ఎదురుచూశాను. చెవుల్లో వైర్లు పెట్టుకుని నిద్రపోయింది.

స్టేషన్‌కు అతను రాలేదు. మ్యాచ్ ఉంది. ఇద్దరు ఆటగాళ్ళను కారులో పంపాడు. పాతికేళ్ళవాళ్ళు. "మా ట్రైనర్ చెప్పాడు, మీకు ఫుట్‌బాల్ తెలియదట, అయినా తప్పులన్నీ కనిపెడతారట," అన్నాడు ఒకడు. "మమ్మల్ని భయపెట్టడానికి మీ పేరు వాడతాడు." ఇద్దరూ నవ్వారు.

కంచె పక్కన చోటు ఇచ్చారు. గాలి నిజంగానే గడ్డిని పడుకోబెట్టింది. అతను గీత దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మా ఊళ్ళోలాగే ఇక్కడా అరవడు. కానీ అతను ఒక చెయ్యి కొంచెం ఎత్తితే నలుగురు కలిసి ఒక అడుగు ముందుకు వచ్చారు. మా ఊళ్ళో మూడేళ్ళు చెయ్యి ఎత్తినా ఎప్పుడూ ముగ్గురే వచ్చేవారు. వాళ్ళు ఒక్క గోల్ కూడా తినలేదు. నాకు రాసేందుకు ఏమీ లేదు.

ఆట అయ్యాక క్లబ్ గదిలో ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నాం. పులిహోర డబ్బా విప్పాడు. తింటూ, వచ్చిపోయేవాళ్ళందరితోనూ మాట్లాడుతున్నాడు. ఒకడి మడమ, ఒకడి పరీక్ష, ఒకావిడ కుక్క. ముఖం ఎర్రగా, నిండుగా ఉంది. ఆ మనిషి ఇట్లా కూడా ఉండగలడని నేను మూడేళ్ళ బుధవారాల్లో ఒక్కసారీ ఊహించలేదు.

కాస్త ఖాళీ దొరికినప్పుడు అన్నాను: "ఒక మాట అడగడానికి వచ్చాను."

"అడుగు."

"సీజన్ అయ్యాక తిరిగి వచ్చేయండి. మీరు లేక అక్కడ బాగాలేదు."

చెంచా ఆపాడు. ఆ మాట పూర్తిగా వినడానికన్నట్టు కొంచెం ముందుకు వంగాడు. ఇంత తిన్నగా నేనెవరినీ ఏదీ అడిగిన జ్ఞాపకం లేదు, మా ఆవిడను కూడా.

"ఇంకో రెండు సీజన్లు ఉండమన్నారు," అన్నాడు. "సరేనన్నాను. పోయిన వారమే."

"ఓహో."

"నన్ను తీసెయ్యకుండా ఉండమనడం ఇదే మొదటిసారి. నలభై ఏళ్ళలో."

అర్థమైంది. నిజంగానే అర్థమైంది. ఇంట్లో అయితే అక్కడితో ఆగిపోయేవాణ్ని. కానీ తొమ్మిది గంటలు ప్రయాణం చేసి వచ్చాను.

"ఆ తర్వాతైనా వస్తారా?"

అతను నా చేతి మీద చెయ్యి పెట్టాడు. గట్టి చెయ్యి, వేళ్ళు ఎప్పుడో విరిగి అతుక్కున్నవి. "రానేమో," అన్నాడు మెల్లగా. "అబద్ధం చెప్పను నీకు. ఇక్కడే ఉండిపోతానేమో. కానీ నువ్వు అడిగావు."

ఎవరో అవతలి నుంచి పిలిచారు. లేచి వెళ్ళాడు. ఖాళీ డబ్బా మూతపెట్టి సంచీలో పెట్టుకున్నాను. మర్నాడు పొద్దున రైలెక్కించడానికి వచ్చాడు. ప్లాట్‌ఫాం మీద గాలికి ఇద్దరం కోట్లు పట్టుకుని నిలబడ్డాం.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. తాళం తీస్తుంటే పై నుంచి చెప్పుల చప్పుడు దిగింది.

"వచ్చిన్రా! ఏమన్నడు అంకుల్? వస్తడట్నా?"

"రానన్నాడమ్మా."

"మరి మీరేమన్నరు? సరే అని వచ్చిన్రా?"

"లేదు," అన్నాను. "మళ్ళీ అడిగాను."

ఆమె చెయ్యి రెయిలింగు మీద అట్లాగే ఉండిపోయింది. కాసేపటికి, "చల్లగున్నది, లోపలికి పోండ్రి," అని, తన వాటాలోకి వెళ్ళి, ఒక గిన్నెలో వేడి చారు తెచ్చి గుమ్మంలో ఇచ్చింది. తీసుకుని తలుపు వేసుకున్నాను. చారు పొయ్యి మీద పెట్టి, ఇల్లు వేడెక్కేదాకా కోటు విప్పకుండా కూర్చున్నాను.